డాక్టరు చెప్పింది ఒకటి, ఇంట్లో అర్థమైంది మరొకటి: పెద్దవాళ్ళను వైద్యానికి తీసుకువెళ్ళేవారికి కొన్ని పద్ధతులు

పరగడుపున రక్తపరీక్షకు రమ్మంటే ఉదయం ఎనిమిదింటికల్లా ల్యాబుకు వచ్చిన పెద్దావిడ, "ఏమైనా తిన్నారా అమ్మా?" అని అడిగినప్పుడు, "ఏమీ తినలేదు బాబూ, కాఫీ ఒక్కటే తాగాను" అని జవాబు చెబుతుంది. ఆమె అబద్ధమాడలేదు, చెప్పినదాన్ని తేలిగ్గానూ తీసుకోలేదు. ఏకాదశికో కార్తిక సోమవారానికో ఉపవాసం ఉండే చాలా ఇళ్ళలో కాఫీ, పాలు, పండ్లు ఉపవాసాన్ని చెడగొట్టవు; అన్నం ముట్టకపోవడమే అక్కడి నియమం. ఆ నియమాన్ని ఆమె శ్రద్ధగా పాటించింది. ల్యాబు లెక్క వేరు. ఫాస్టింగ్ షుగర్ పరీక్షకు ముందు కనీసం ఎనిమిది గంటలపాటు మంచినీళ్ళు తప్ప మరేదీ లోపలికి పోకూడదు. పాలూ పంచదారా కలిసిన ఒక్క గ్లాసు కాఫీతో ఆ పరీక్షకు అర్థం లేకుండా పోతుంది.

ల్యాబువారు చెప్పిన మాటా, ఆమె చెవిన పడిన మాటా ఒక్కటే. ఆ మాటను ఆమె ఎక్కడ అమర్చుకుని అర్థం చేసుకున్నదన్నదే ప్రశ్న. తిండి గురించి, రోగం గురించి, మందు గురించి ప్రతి మనిషికీ పెంపకం వల్లా అనుభవం వల్లా మనసులో ఒక చట్రం ఏర్పడి ఉంటుంది. కొత్తగా విన్న విషయం ఆ చట్రంలో ఇమిడినంత మేరకే అర్థమవుతుంది. ఇమడనిది జారిపోతుంది, లేదా ఇమిడేలా రూపు మార్చుకుంటుంది. డాక్టరుకూ ఇటువంటి చట్రమే ఉంటుంది, కాకపోతే అది వైద్య కళాశాలలోనూ వార్డుల్లోనూ ఏర్పడింది. ఈ ఇద్దరి మధ్య కుర్చీలో కూర్చునేది సాధారణంగా కొడుకో, కూతురో, కోడలో, అల్లుడో. ఈ వ్యాసం వారి కోసం. మధ్యవర్తి చేయవలసిన పని మాటలు అటూ ఇటూ చేరవేయడమేనని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో అసలు పని రెండు చట్రాలనూ బయటికి తీసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టడం.

చట్రం పనిచేసే తీరు

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో వెలువరించిన పరిశోధనలో, ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని ఇంగ్లండులోని పాఠకుల చేత చదివించి, తరువాత గుర్తున్నంత వరకు తిరిగి చెప్పించాడు. కథలో సీల్ జంతువుల వేట ఉంటే వాళ్ళు చేపలు పట్టడమన్నారు. ఆదివాసులు వాడే ప్రత్యేకమైన దోనె మామూలు పడవ అయింది. తమకు పొంతన కుదరని ప్రేతాత్మల ప్రసంగాన్ని కొందరు పూర్తిగా వదిలేశారు. ఎవరూ కావాలని మార్చలేదు, తాము కథను ఉన్నదున్నట్టే చెబుతున్నామని నమ్మారు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి "డాక్టరుగారు ఏమన్నారు?" అన్న ప్రశ్నకు మీ నాన్నగారు చెప్పే జవాబు కూడా ఇదే విధంగా తయారవుతుంది.

మధ్యవర్తికి ఇంతకన్నా ఎక్కువ పనికివచ్చే ప్రయోగం 1972లో అమెరికాలో జాన్ బ్రాన్స్‌ఫోర్డ్, మార్సియా జాన్సన్ చేసినది. బట్టలు ఉతకడం గురించి, ఆ సంగతి ఎక్కడా పేరు పెట్టి చెప్పకుండా, వస్తువులను కుప్పలుగా వేరు చేయాలనీ ఒకేసారి ఎక్కువ వేయకూడదనీ సాగే ఒక పేరాను కొందరికి వినిపించారు. విషయమేమిటో ముందుగా తెలిసినవారికి అది సులువుగా అర్థమైంది, బాగా గుర్తుంది. ఏమీ చెప్పనివారికి అది అయోమయంగా తోచింది. గమనించవలసిందేమిటంటే, పేరా అంతా విన్న తరువాత విషయం చెప్పినా పెద్దగా ఉపయోగం లేకపోయింది. అందువల్ల ఏ సూచననైనా ముందు దేని గురించో చెప్పి, ఆ తరువాత వివరాల్లోకి వెళ్ళాలి. మన ఆస్పత్రుల్లో తరచు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: ముందు మందుల పేర్లు, మోతాదులు వచ్చేస్తాయి, అవి దేనికన్నది చివర్లో వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

మన ఇళ్ళలో ఎదురయ్యే చట్రాలు

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది, రోగం వస్తుంది, మందు వేసుకుంటే పోతుంది, పోయాక మందు అక్కర్లేదు అనే చట్రం. మామూలు జ్వరానికీ విరేచనాలకూ ఇది చాలావరకు సరిపోతుంది, తరతరాల అనుభవం దానికి దన్నుగా ఉంది. రక్తపోటుకూ మధుమేహానికీ ఇదే చట్రాన్ని వర్తింపజేసినప్పుడు ప్రమాదం మొదలవుతుంది. "బీపీ ఇప్పుడు కంట్రోల్‌లో ఉంది, ఇవే మందులు కొనసాగించండి" అని డాక్టరు అంటే, మొదటి సగం తగ్గిపోయిందన్న శుభవార్తగా మనసులో నిలబడి, రెండో సగం జారిపోతుంది. క్షయ విషయంలో ఇది మరీ తీవ్రం. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలల చికిత్స ఉంటుంది, కాని కొద్ది వారాల్లోనే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒంట్లోకి సత్తువ వస్తుంది. ఆ దశలో మందు మానేసిన మనిషి తన చట్రం ప్రకారం తెలివైన పనే చేశాడు. శరీరంలో మిగిలిన క్రిములు మాత్రం మందుకు లొంగని రకంగా తయారయ్యే అవకాశం ఏర్పడుతుంది.

దీనికి తోడుగా ఉండేది, ఒంట్లో తేడా ఉంటే మనకు తెలియకుండా ఉంటుందా అనే నమ్మకం. అమెరికాలో హోవర్డ్ లెవెంతాల్ బృందం 1985లో ప్రచురించిన అధ్యయనంలో రక్తపోటు రోగులను దీని గురించే అడిగారు. రక్తపోటు పెరిగితే మనుషులకు తెలియదన్న మాటను చాలామంది ఒప్పుకున్నారు. అయినా తమ విషయం వచ్చేసరికి, తల బరువునుబట్టో ముఖం వేడెక్కడాన్నిబట్టో తమకు తెలిసిపోతుందని వారిలో అత్యధికులు నమ్మారు. జబ్బును కొద్దికాలం ఉండి పోయేదిగా భావించినవారు చికిత్స మధ్యలో మానేయడం కూడా ఎక్కువగా కనిపించింది. "బీపీ పైకి కనిపించదు నాన్నా" అని చెప్పి ఊరుకుంటే చాలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆయన ఆ మాటను ఒప్పుకుంటారు, ఒప్పుకుని తలనొప్పి వచ్చిన రోజున మాత్రమే మాత్ర వేసుకుంటారు.

షుగర్ అన్న పేరే ఇంకో చట్రాన్ని తెచ్చిపెట్టింది. పేరులో పంచదార ఉంది కాబట్టి శత్రువు తీపి ఒక్కటేనని, కాఫీలో చక్కెర మానేసి పండుగనాడు బూరె పక్కన పెట్టేసి, అన్నం మాత్రం ఎప్పటిలాగే కంచం నిండా తినేవారు ఎందరో. రాత్రిపూట అన్నం బదులు చపాతీ తింటే చాలు, ఎన్ని తిన్నా ఫరవాలేదన్న ధోరణీ ఇందులోదే. కాకరకాయ రసం తాగితే తిన్న తీపి చెల్లయిపోతుందని లెక్కలు వేసేవాళ్ళు కూడా ఉన్నారు. రుచులు ఒకదానితో ఒకటి కొట్టివేసుకుంటాయన్న ఊహ దీని వెనుక ఉంది.

పథ్యం సంగతి మరింత సున్నితమైనది. కుట్లు పడినప్పుడు పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తింటే దురద పెడుతుందని చెప్పని ఇల్లు తెలుగునాట అరుదు. గాయం మానడానికి మాంసకృత్తులు అవసరం కాబట్టి డాక్టరు పప్పు, గుడ్లు బాగా పెట్టమంటాడు. ఇంట్లో అవే మొదట ఆపేస్తారు. "లంఖణం పరమౌషధం" అన్న సామెత నోటికి వచ్చినంత సులువుగా డాక్టరు చెప్పిన ఆహారపట్టిక ఎవరి నోటికీ రాదు. ఇటువంటి నమ్మకాలన్నిటినీ తుడిచిపెట్టాలన్న ఆవేశం చదువుకున్న పిల్లల్లో కనిపిస్తుంది, అది అనవసరమని నా అభిప్రాయం. వంకాయ మానేస్తే ఎవరికీ నష్టం లేదు, మానుకోనివ్వండి. పప్పు దగ్గర మాత్రం పట్టుబట్టాలి. ఏది హాని చేస్తుందో, ఏది చేయదో డాక్టరును అడిగి, హాని చేసేదాని మీదే మీ శక్తిని ఖర్చు పెట్టండి.

డాక్టరు వైపు చట్రం గురించి కూడా ఒక మాట. వరుసగా రోగులను చూసే మనిషికి రెండు మూడు లక్షణాలు వినగానే మనసులో ఒక నమూనా మెదులుతుంది. ఆ వేగమే ఆయన నైపుణ్యం. 1984లో అమెరికాలో హోవర్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ ప్రచురించిన పరిశీలనలో, రోగి తన బాధ చెప్పుకోవడం మొదలుపెట్టిన తరువాత సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడి సంభాషణను మళ్ళించినట్టు తేలింది. మన పెద్దవాళ్ళు కథ చెప్పే తీరు దీనికి పూర్తిగా భిన్నం. మొన్న ఫలానావాళ్ళ పెళ్ళికి వెళ్ళడంతో ఎత్తుకుని, అక్కడ తిన్నదీ తిరిగి వస్తూ బస్సులో పడిన అవస్థా వర్ణించి, ఆ తరువాత గాని ఛాతీలో మంట దగ్గరికి రారు. అసలు సంగతి వచ్చేలోగా డాక్టరు మనసులో నమూనా కుదిరిపోయి ఉంటుంది. అలాగే మందులు మానేసిన రోగిని చూడగానే "చెప్పిన మాట వినరు" అని స్వభావానికి అంటగట్టడం సులువు. ఎదుటివారి ప్రవర్తనకు పరిస్థితిని వదిలేసి స్వభావాన్నే కారణంగా చూసే ఈ అలవాటును లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ప్రత్యేకంగా చర్చించాడు. ఇది డాక్టర్లకే పరిమితం కాదు. "మా నాన్న వట్టి మొండి" అనే కొడుకు చేసేదీ అదే.

బయలుదేరే ముందు చేయవలసినది

ఆస్పత్రికి వెళ్ళే ముందురోజు పెద్దవారితో తీరిగ్గా కూర్చోండి. అమెరికా మనోవైద్యుడూ మానవశాస్త్రవేత్తా అయిన ఆర్థర్ క్లైన్‌మన్, ఆయన సహచరులు 1978లో రోగి మనసులోని చట్రాన్ని తెలుసుకోవడానికి కొన్ని ప్రశ్నలు సూచించారు: ఈ బాధకు కారణమేమని మీరు అనుకుంటున్నారు, అది అప్పుడే ఎందుకు మొదలైంది, లోపల అది ఏం చేస్తోంది, ఎటువంటి వైద్యం అందాలని కోరుకుంటున్నారు, అన్నిటికన్నా దేనికి భయపడుతున్నారు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ప్రశ్నలు మంచివే గాని, వాటిని ఉన్నవి ఉన్నట్టుగా మన పెద్దవాళ్ళను అడిగితే "నాకేం తెలుసమ్మా, తెలిస్తే డాక్టరు దగ్గరికెందుకు?" అన్న జవాబే వస్తుంది. అందుకని పక్కదారిన అడగాలి. "మన చుట్టాల్లో ఇట్లా ఎవరికైనా వచ్చిందా నాన్నా? వాళ్ళకు ఏం చేశారు, తరువాత ఎట్లా ఉన్నారు?" అంటే కథ మొదలవుతుంది, కథలో చట్రం బయటపడుతుంది.

ఉదాహరణకు ఇన్సులిన్ అంటే ససేమిరా ఒప్పుకోని ఒక పెద్దాయన ఉన్నారనుకుందాం. సూది నొప్పికి భయపడుతున్నారని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. అడిగితే, తన అన్నగారికి ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదికే కాలు తీసేశారన్న సంగతి వస్తుంది. ఆయన దృష్టిలో ఇన్సులిన్ కాలు తీసేయడానికి ముందుమెట్టు. షుగర్ చాలాకాలం అదుపు తప్పి, కాలికి దెబ్బ తగిలే స్థితి వచ్చాక గాని అన్నగారికి ఇన్సులిన్ మొదలుపెట్టలేదన్నది ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఈ ఒక్క సంగతిని డాక్టరు చెవిన వేస్తే పది నిమిషాల నచ్చజెప్పుడు ఆదా అవుతుంది, ఎందుకంటే డాక్టరు అప్పుడు సూది గురించి కాకుండా అన్నగారి కాలి గురించి మాట్లాడతాడు.

ఈ సంభాషణలో మీరు ఖండించకూడదు, దిద్దకూడదు. మొదటి దిద్దుబాటుతోనే పెద్దవాళ్ళు నోరు కట్టేసుకుంటారు. విన్నదాన్ని రెండు మూడు వాక్యాల్లో కాగితం మీద రాసుకోండి. దానితోపాటు ప్రస్తుతం వాడుతున్నవన్నీ, అంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు, ఆయుర్వేదం, హోమియోపతి, పక్కింటివారు చెప్పిన కషాయంతో సహా, రాయండి. వీటిని "మందుల" కింద లెక్కవేయని పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు, అందువల్ల "ఏం మందులు వాడుతున్నారు?" అన్న డాక్టరు ప్రశ్నకు అవి జవాబులో రావు. ఏకాదశి, శనివారం, రంజాన్ వంటి ఉపవాసాల రోజుల్లో మాత్రలు ఏం చేస్తున్నారో కూడా అప్పుడే అడగాలి. ఉపవాసం ఉండి షుగర్ మాత్ర వేసుకున్నా, అసలు మానేసినా రెండూ డాక్టరుకు తెలియవలసినవే.

డాక్టరు గదిలో

గదిలోకి వెళ్ళగానే అసలు బాధను ఒక్క వాక్యంలో మీరు చెప్పి, తరువాత పెద్దవారిని మాట్లాడనివ్వండి. "డాక్టరుగారూ, మా అమ్మకు పది రోజులుగా మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది, ఆవిడ ఇది వేడి చేయడం వల్ల అనుకుంటోంది, వివరంగా ఆవిడే చెబుతుంది" అంటే, డాక్టరుకు బాధా తెలిసింది, ఆవిడ చట్రమూ తెలిసింది. చట్రాన్ని ఫిర్యాదులా చెప్పకపోవడం ముఖ్యం. "ఈయన మందులు సరిగా వేసుకోరండీ" అన్నది నిందారోపణ. దాని తరువాత ఆ గదిలో పెద్దాయన నోట నిజం రాదు. "తలనొప్పి ఉన్న రోజున వేసుకుంటున్నారు, లేని రోజున అవసరం లేదనుకుంటున్నారు" అన్నది సమాచారం.

మీరే అనువాదకులైనప్పుడు, ముఖ్యంగా డాక్టరు ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడినప్పుడు, మీ చట్రం మూడోదిగా మధ్యలోకి వస్తుంది. కంగారు పెట్టడం ఎందుకని కొంత తగ్గించీ, భయపెడితే గాని వినరని కొంత పెంచీ చెప్పడం మనకు అలవాటు. రెండింటినీ అదుపులో పెట్టుకోవాలి. రిపోర్టుల్లోని పాజిటివ్, నెగెటివ్ అన్న మాటలను ఎప్పుడూ అలాగే వదిలేయకండి. దేని కోసం వెతికారో, అది ఉందో లేదో తెలుగులో చెప్పండి.

సూచన వచ్చినప్పుడు, అది దేనికో ముందు చెప్పించండి. "ఈ మాత్ర దేనికండీ, ఎంతకాలం వేసుకోవాలి, మానేస్తే ఏమవుతుంది?" అన్న మూడు ప్రశ్నలూ పెద్దవారి ఎదుటే, వాళ్ళకు వినిపించేలా అడగండి. జవాబు మీకు తెలిసినా సరే అడగండి, ఎందుకంటే అదే జవాబు కొడుకు నోట వస్తే సలహా, డాక్టరు నోట వస్తే వైద్యం.

చివరగా, "అర్థమైందా?" అన్న ప్రశ్నను మానేయాలి. మర్యాద తెలిసిన ఏ పెద్దమనిషీ డాక్టరు ముఖం మీద అర్థం కాలేదని అనడు. అమెరికాలో డీన్ షిలింజర్ బృందం 2003లో మధుమేహ రోగుల విషయంలో ప్రచురించిన అధ్యయనంలో, డాక్టర్లు కొత్తగా చెప్పిన విషయాల్లో దాదాపు 12 శాతం విషయాల్లో మాత్రమే రోగికి అర్థమైందో లేదో సరిచూశారని తేలింది. అలా సరిచూసిన డాక్టర్ల రోగుల్లో షుగర్ అదుపు కూడా మెరుగ్గా కనిపించింది. సరిచూడడమంటే రోగి చేత తిరిగి చెప్పించడం. మన దగ్గర దీనిని పరీక్ష పెట్టినట్టుగా కాకుండా చేసే దారి ఉంది: "ఇంటికి వెళ్ళగానే అమ్మ అడుగుతుంది కదా నాన్నా, ఏమని చెబుతారు?" అని డాక్టరు గదిలోనే అడగండి. ఆయన చెప్పేదాంట్లో ఎక్కడ పక్కదారి పట్టిందో డాక్టరుకే వినిపిస్తుంది, అక్కడికక్కడే సరవుతుంది. గదిలో వీలుకాకపోతే, మందుల షాపు దగ్గర వరుసలో నిలబడినప్పుడైనా అడగండి.

ఇంటికి వచ్చాక

చీటీ మీద 1-0-1 (ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి) అని రాసినది ఆస్పత్రి భాష. దానిని ఇంటి దినచర్యలోకి మార్చి పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, వాళ్ళకు కనిపించే చోట పెట్టండి. "భోజనానికి ముందు" అన్నది చాలా ఇళ్ళలో మధ్యాహ్నానికి మారిపోతుంది, ఎందుకంటే ఉదయం తినేది టిఫిన్, భోజనం కాదు. కాబట్టి "పొద్దున ఇడ్లీ తినబోయే ముందు" అని రాయడమే క్షేమం. థైరాయిడ్ మాత్ర విషయంలో అయితే "నిద్ర లేచాక, మంచినీళ్ళతో, కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తరువాత" అని కాఫీని పేరుపెట్టి మరీ రాయాలి.

దూరాన ఉన్న పిల్లలు ఫోనులో "షుగర్ ఎంత వచ్చింది?" అని ఒక్క అంకె అడిగి ఊరుకోవడం ఇంకో చిక్కు. అది పరగడుపున తీసినదా, తిన్న తరువాతదా అన్నది తెలియనిదే 140 అన్న అంకెకు అర్థం లేదు. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి కడుపు మాడ్చుకుని మంచి అంకె తెచ్చుకునే పెద్దవాళ్ళకు కొదవ లేదు. గత రెండు మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇటువంటి సందర్భంలో నిజం చెబుతుంది. బ్రిటన్‌లో ఉండేవారికి ఒక హెచ్చరిక: అక్కడ షుగర్‌ను కొలిచే ప్రమాణం వేరు, అక్కడి అంకెను 18తో గుణిస్తే మన రిపోర్టులోని అంకె వస్తుంది. అక్కడి 7, ఇక్కడి 126.

మందు మొదలుపెట్టిన వారం తరువాత ఒకసారి, "వేసుకుంటున్నారా?" అని కాకుండా "ఎప్పుడెప్పుడు వేసుకోవడం కుదరడం లేదు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు అవునన్నదే జవాబు. రెండోది తప్పిపోవడం మామూలేనన్న భరోసా ఇస్తుంది, దాంతో పెళ్ళికి వెళ్ళినప్పుడు సంచిలో పెట్టుకోవడం మరిచిన సంగతీ, మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతున్న సంగతీ బయటికి వస్తాయి. కళ్ళు తిరుగుతున్నాయన్న కబురు డాక్టరుకు చేరితే మోతాదు మార్చవచ్చు; చేరకపోతే, మందు పడలేదన్న నిర్ణయం ఇంట్లోనే జరిగిపోతుంది.

ఇంత ఓపిక పనికిరాని సందర్భం ఒకటుంది. ఛాతీ బిగపట్టడం, ఎడమచేతికో దవడకో నొప్పి పాకడం, చెమటలు పోయడం, ఉన్నట్టుండి మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఒక పక్క చేయి పడిపోవడం కనిపిస్తే చట్రాల గురించి ఆరాలు తీయకూడదు. "గ్యాస్ పట్టేసింది, సోడా తాగితే పోతుంది" అని పెద్దవారు ఎంత నమ్మకంగా చెప్పినా, షుగర్ ఉన్నవారిలో గుండెపోటు పెద్దగా నొప్పి లేకుండా కూడా రావచ్చునని గుర్తుంచుకుని, వెంటనే 108కు ఫోన్ చేయండి. అది గ్యాసో కాదో ఈసీజీ తీశాక మాట్లాడుకోవచ్చు.